పీకిన పన్నుకే లెక్క ఉంది

ఈ వారం ఉత్తరం మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా నుంచి వచ్చింది. రాసినావిడ పళ్ల డాక్టరు. వయసు 31. పుట్టింది సిరొంచలో. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నాగపూర్‌లో బీడీఎస్ చేసి, నాలుగేళ్లుగా తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఒక గ్రామీణ రుగ్ణాలయంలో, అంటే ప్రభుత్వ గ్రామీణ ఆసుపత్రిలో, ఎన్‌హెచ్‌ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. ఆ ఊరి పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు.

జీతం నెలకు 30,000. అదీ ఒక్కోసారి రెండు మూడు నెలలది కలిపి వస్తుంది. పక్క గదిలో అదే కాంట్రాక్టు కింద చేరిన ఎంబీబీఎస్ కుర్రాడికి దీనికి రెట్టింపు. ఏటా కాంట్రాక్టు అయిపోతుంది, ఒక రోజు బ్రేక్ ఇచ్చి మళ్లీ తీసుకుంటారు. డెంటల్ చైర్ ఉంది గానీ దాని కంప్రెసర్ వర్షాకాలం నుంచి మూలుగుతోంది. ఫిల్లింగ్ సిమెంటు అడిగితే ఇండెంట్ పెట్టామంటారు. మత్తు ఇంజెక్షన్‌కు, పన్ను పీకే ఫోర్సెప్స్‌కు మాత్రం ఎప్పుడూ కొరత లేదు. అందుకని పీకుతున్నారు. "కూలి మానుకుని వచ్చినవాళ్లు 'పీకెయ్యి తల్లీ, మళ్లీ రాలేం' అంటారు. ఆ పన్ను ఇంకో ఇరవై ఏళ్లు నిలబడుతుందని తెలిసి కూడా పీకేస్తున్నాను. నెలాఖరు రిపోర్టులో పీకిన పళ్ల సంఖ్యకు ఒక గడి ఉంది. అది పెద్దగా ఉంటే మీటింగులో మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వింటే ఒళ్లు మండుతుంది" అని రాశారు.

పదహారేళ్ల కుర్రాడి సంగతి కూడా రాశారు. అన్నం ముద్ద నోట్లో పట్టడం లేదని వాళ్ల నాన్న తీసుకొచ్చాడట. మామూలుగా మన మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోవాలి. ఆ అబ్బాయికి ఒకటిన్నర వేలు కూడా కష్టంగా పట్టింది. బుగ్గ లోపల తెల్లగా, తోలులా బిగుసుకుపోయింది. బడి గేటు ఎదురుగా పాన్ డబ్బాలో రోజుకు నాలుగైదు ఖర్రాలు, అంటే వక్క, పొగాకు, సున్నం కలిపి రుద్దిన పొట్లాలు కొంటాడు. ఆవిడకు ఆ రోజు ఇంకో తాలూకాలో క్యాంపు డ్యూటీ ఉండాల్సింది. అది రద్దు కావడం వల్లే ఆ అబ్బాయిని చూడగలిగారు.

ఇక ఇంటి సంగతులు. మంచిర్యాలలో ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్లు 45,000 జీతం, పెద్ద కేసుల్లో వాటా ఇస్తామన్నారు. మామయ్య వెళ్లమంటున్నారు. అత్తయ్య "పళ్లేగా, దానికింత ఆలోచనేంటి" అంటున్నారు. భర్త జిల్లా పరిషత్ టీచరు, ఆయన కదల్లేరు. నాలుగేళ్ల పాప ఉంది. చదువు అప్పు ఇంకా తీరలేదు. "ఉన్న ఊళ్లోనే సాయంత్రం క్లినిక్ పెట్టుకో, ఆసుపత్రికొచ్చిన వాళ్లనే అక్కడికి రమ్మను" అని భర్త స్నేహితుడు సలహా ఇచ్చాడు. తోటి కాంట్రాక్టు డెంటిస్టుల వాట్సాప్ గ్రూపులో ఒక వినతిపత్రం తయారవుతోంది. ఎంబీబీఎస్ వాళ్లతో సమానంగా జీతం, పీకిన ప్రతి పన్నుకూ కొంత ఇన్సెంటివ్ కావాలని అందులో ఉంది. సంతకం పెట్టాలా? ఉండాలా, వెళ్లాలా? జీతం కోసం వెళ్లిపోతే స్వార్థమా? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

డాక్టరమ్మా, నేను వైద్యుణ్ణి కాను. ఆరోగ్య శాఖలో లెక్కల వైపు చాలాకాలం పనిచేసినవాణ్ణి. కాబట్టి మీ ప్రశ్నను ఆ వైపు నుంచే చూస్తాను.

ముందు చివరి ప్రశ్న. స్వార్థం అనే మాట వదిలేయండి. మీ జీతం, ఆ కుర్రాడి నోరు వేరువేరు విషయాలని మీకు మీరే నచ్చజెప్పుకుంటున్నారు. రెండూ ఒకటే. దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలు ఉన్నాయి, ఏటా పాతిక వేలకు పైగా బీడీఎస్ సీట్లు. వాటిలో ఎక్కువ ప్రైవేటువి. బయటికొచ్చేవాళ్లు అంతమంది, ప్రభుత్వ పోస్టులు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేన్ని. అందుకే 30,000 అన్నా దరఖాస్తులు వస్తాయి. "దొరుకుతున్నారు కదా" అన్నది ఆఫీసు లెక్క. దొరికినవాళ్లు ఎన్నాళ్లు ఉంటారన్నది ఏ ఫైల్లోనూ ఉండదు. ఒకరు వెళ్లాక ఇంకొకరు వచ్చేదాకా గదికి తాళం, కుర్చీకి దుమ్ము, ఊళ్లో నోటి జబ్బులన్నీ మెడికల్ షాపు నొప్పి మాత్రల మీద నడుస్తాయి. పళ్ల వైద్యం జనానికి అందకపోవడానికి డాక్టర్లు లేకపోవడం కారణం కాదు, ఉన్నవాళ్లు నిలవకపోవడం. మీరు జీతం గురించి మాట్లాడితే మీ రోగుల గురించి మాట్లాడినట్టే.

అయితే వినతిపత్రంలో రెండు పొరపాట్లున్నాయి. సంతకం పెట్టేముందు వాటిని మార్పించండి.

మొదటిది, ఎవరితో పోల్చుకుంటున్నారన్నది. పక్క గది ఎంబీబీఎస్ అబ్బాయితో పోలిస్తే "ఆయన పోస్టు వేరు, మీ పోస్టు వేరు" అని ఒక్క వాక్యంతో ఫైలు మూసేస్తారు. కోర్టుకెళ్లినా అదే మాట వినిపిస్తుంది. సమాన పనికి సమాన వేతనం మీద సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు పే స్కేలులోని కనీస వేతనమైనా రావాలి. కాబట్టి మీరు చూపించాల్సింది జిల్లా ఆసుపత్రిలో రెగ్యులర్ డెంటల్ సర్జన్‌ని. ఆయనా పన్ను పీకుతాడు, మీరూ పీకుతారు. ఆయనా ఓపీ చూస్తాడు, మీరూ చూస్తారు. డ్యూటీ చార్టులు పక్కపక్కన పెడితే చాలు. ఎంబీబీఎస్‌తో సమానం అనే మాట పూర్తిగా వదలమని నేననను. కేంద్ర ప్రభుత్వంలో రెగ్యులర్‌గా చేరే డెంటల్ సర్జనూ, ఎంబీబీఎస్ డాక్టరూ ఇద్దరూ లెవెల్ 10లోనే, 56,100 మూలవేతనంతోనే మొదలవుతారు. ఢిల్లీలో తప్పు కానిది గడ్చిరోలిలో ఎందుకు తప్పని అడగొచ్చు. అది రెండో పేజీలో అడగండి. మొదటి పేజీ రెగ్యులర్ డెంటల్ సర్జన్‌తో పోలికకే ఉంచండి.

ఒకటి గుర్తుంచుకోండి. ఇదంతా జీతం గురించే. పర్మనెంట్ చేయమని కోర్టుకెళ్తే, తాత్కాలిక ఉద్యోగులను పర్మనెంట్ చేయమని కోర్టులు మామూలుగా ఆదేశించకూడదన్న 2006 నాటి సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పు అడ్డం వస్తుంది. ఆ దారి పొడుగు, ఖర్చు ఎక్కువ. పదేళ్లు దాటిన ఎన్‌హెచ్‌ఎం ఉద్యోగులను రెగ్యులర్ ఖాళీల్లో సర్దాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చిలో నిర్ణయం తీసుకుంది. దాన్ని అమలు చేయమని 2025 ఆగస్టులో ఉద్యోగులు సమ్మెకు దిగాల్సి వచ్చింది. మీకు నాలుగేళ్లే అయింది. దాని మీద ఆశ పెట్టుకుని ఉండిపోవాలంటే ఇంకా ఆరేళ్లు ఇదే జీతంతో గడపగలరా అన్నది ముందు తేల్చుకోండి.

రెండో పొరపాటు నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పన్నుకింత ఇన్సెంటివ్ అన్న ఆలోచన. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ పళ్ల వైద్యానికి 2006లో ఒక కొత్త కాంట్రాక్టు తెచ్చారు. డెంటిస్టు చేసే పనిని యూనిట్లుగా లెక్కగట్టి డబ్బిచ్చే పద్ధతి. ఒక పన్నుకు ఫిల్లింగ్ చేసినా, ఆరు పళ్లకు చేసినా ఒకే చికిత్సగా లెక్కేసి అవే యూనిట్లు ఇచ్చేవాళ్లు. ఏమైంది? నోరంతా పాడైన పేదవాడు వస్తే డెంటిస్టుకు నష్టం. ఒక్క పన్ను పుచ్చినవాడు వస్తే లాభం. 2022 నవంబరులో కొంత సరిచేశారు గానీ అప్పటికే చాలామంది డెంటిస్టులు ప్రభుత్వ పని తగ్గించుకుని ప్రైవేటు వైపు వెళ్లిపోయారు. ఊళ్లకు ఊళ్లు ప్రభుత్వ డెంటిస్టు లేకుండా మిగిలిపోయాయి. ధనిక దేశంలో జనం ఇంట్లో పట్టకారుతో పళ్లు పీక్కున్నారని పేపర్లలో వచ్చింది. మీ గ్రూపు అడుగుతున్నది ఒప్పుకుంటే ఇక్కడ ఇంకా ఘోరంగా తయారవుతుంది. ఇప్పుడు సిమెంటు లేక పీకుతున్నారు, రేపు సిమెంటు ఉన్నా పీకుతారు. మీరు పీకరు, నాకు తెలుసు. మీ తర్వాత వచ్చే కుర్రాడికి చదువు అప్పు ఇంకా ఎక్కువుండొచ్చు.

మరి ఏమడగాలి? మూలవేతనం పెంచమనండి, కష్టమైన ప్రాంతానికి భత్యం అడగండి, జీతం నెలనెలా ఇవ్వమనండి. భత్యం సంగతికొస్తే రుజువు మీ ఇంట్లోనే ఉంది. గిరిజన, నక్సల్ ప్రభావిత ప్రాంతంలో పనిచేస్తున్నందుకు మీవారి జీతంలో ఏకస్తర్ వేతనశ్రేణి లాభం, అంటే ఒక మెట్టు పై పోస్టు స్కేలు, కలుస్తూ ఉండాలి. పే స్లిప్ ఒకసారి చూడండి. అదే జిల్లా, అదే రోడ్డు, అదే వాగు. రెగ్యులర్ ఉద్యోగికి కష్టం కనబడుతుంది, కాంట్రాక్టు డాక్టరమ్మకు కనబడదు. ఈ ఒక్క మాట వినతిపత్రంలో ఉంటే ఏ అధికారికైనా జవాబు చెప్పడం కష్టం. ఇన్సెంటివ్ తప్పనిసరిగా పెట్టాలంటే కాపాడిన పన్నుకు, బడుల్లో చూసిన నోళ్లకు పెట్టమనండి.

ఇవన్నీ ఎప్పుడు అడుగుతారన్నది కూడా ముఖ్యమే. మీ పోస్టు 2014–15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కిందదో, మామూలు ఎన్‌హెచ్‌ఎం బడ్జెట్‌లోదో మీ ఆర్డరులో ఉంటుంది. ఏదైనా డబ్బు వచ్చే దారి ఒకటే, కేంద్రం 60, రాష్ట్రం 40. జిల్లా ప్రణాళిక రాష్ట్రానికి వెళ్తుంది, రాష్ట్రం పీఐపీ అనే ప్రతిపాదన ఢిల్లీకి పంపుతుంది, అక్కడ ఒప్పుకున్నవి ఆర్‌ఓపీ అనే కాగితంగా తిరిగొస్తాయి. ఈమధ్య పీఐపీలు 2022–24, 2024–26 అంటూ రెండేళ్ల చొప్పున వేస్తున్నారు. జిల్లా ప్రణాళిక తయారయ్యే నెలల్లో మీ కాగితం దాంట్లోకి ఎక్కకపోతే, ఎంత మంచి వినతిపత్రమైనా "వచ్చేసారి చూద్దాం" దగ్గర ఆగిపోతుంది. చాలా ఫైళ్లు చచ్చిపోయేది అక్కడే, ఎవరూ కాదనకుండానే. ఆర్‌ఓపీ బయటపెట్టే కాగితమే, నెట్‌లో దొరుకుతుంది. డెంటల్ సర్జన్‌కు నెలకు ఎంత మంజూరైందో అందులో చూడండి. మీ చేతికొచ్చేది అంతకంటే తక్కువైతే కథ మొత్తం మారిపోతుంది. ఆర్‌టీఐ వేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ పేరుతో వేయడానికి భయమైతే గ్రూపులో ఉద్యోగం వదిలేసిన వాళ్లెవరైనా వేయొచ్చు.

వినతిపత్రానికి బలం మీ రిజిస్టరు. రేపట్నుంచి అందులో పెన్నుతో ఇంకో గీత గీయండి. పీకిన ప్రతి పన్నుకూ ఎదురుగా "సామగ్రి ఉంటే కాపాడగలిగేదా" అని ఒక గడి. అవును, కాదు. అంతే. మూడు నెలలయ్యాక ఆ 'అవును'లు లెక్కపెట్టి జిల్లా ఆసుపత్రి పెద్ద అయిన సివిల్ సర్జన్‌కు రాసే ఉత్తరంలో మొదటి వరుసలో వేయండి. జీతం గురించి కాంట్రాక్టు డాక్టర్లు రాసిన ఉత్తరాలు ఆయన చాలా చూసుంటారు. ఇలాంటి లెక్క చూసుండరు.

అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మీకు తెలిసిందే అయినా రాస్తాను, కరెంటూ కంప్రెసరూ లేకుండా చేత్తోనే పుచ్చు గీకేసి గ్లాస్ అయానమర్ సిమెంటు నింపే పద్ధతి ఉంది. 1980లలో టాంజానియా పల్లెల్లో మొదలైంది. నరం దాకా పోయిన పన్నుకు పనికిరాదు, చిన్న పుచ్చులకు చక్కగా పనిచేస్తుంది. ఆ సిమెంటును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇండెంటులో ఆ ముక్క రాయండి. స్టోర్స్ నుంచి రాకపోతే ఆసుపత్రి బాగోగులు చూసే రుగ్ణ కల్యాణ సమితి నిధుల్లోంచి కొనమని అడగండి. కంప్రెసర్ రిపేరూ ఆ నిధుల్లోంచే చేయించొచ్చు. సమితి మీటింగులో ఒక సభ్యుడికి పంటి నొప్పి వచ్చి ఉంటే పని ఇంకా తొందరగా అవుతుంది, అది మీ చేతిలో లేదనుకోండి.

సాయంత్రం క్లినిక్ గురించి. ముందు మీ కాంట్రాక్టు కాగితం చదవండి, డ్యూటీ తర్వాత ప్రాక్టీసుకు అభ్యంతరం ఉందో లేదో అందులో ఉంటుంది. అభ్యంతరం లేకపోతే క్లినిక్ పెట్టుకోవడంలో తప్పులేదు. అప్పు తీరాలి కదా. కానీ ఆ స్నేహితుడి సలహాలో రెండో సగం మాత్రం వినొద్దు. పొద్దున ఆసుపత్రిలో "సిమెంటు లేదు" అన్న నోరే సాయంత్రం క్లినిక్‌లో "ఉంది, 800 అవుతుంది" అంటే, ఆసుపత్రిలో సిమెంటు తెప్పించే బలం మీకు ఆ రోజుతో పోతుంది. సిమెంటు లేకపోవడమే మీకు లాభమని ఊరంతా అనుకుంటుంది, కొన్నాళ్లకు మీకూ అనిపిస్తుంది. పెట్టదలుచుకుంటే వేరే ఊళ్లో, సంత రోజు, వారానికి రెండు పూటలు పెట్టండి. ఆసుపత్రి కేసును అక్కడికి రానివ్వకండి. ఆదాయం తక్కువగానే ఉంటుంది. పాపతో గడిపే సాయంత్రాలూ తగ్గుతాయి. అది మీరూ మీవారూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

మంచిర్యాల ఆఫరును తక్కువ చేయను. అక్కడ చేయి తిరుగుతుంది. రూట్ కెనాల్, క్యాపులు, ఇక్కడ నాలుగేళ్లలో చేయనివి అక్కడ ఆరు నెలల్లో చేస్తారు. ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) ఆలోచన ఉంటే ఆ అనుభవం పనికొస్తుంది. కానీ "వాటా" అన్న మాటను కాగితం మీద పెట్టించుకోండి. ఏ కేసుల్లో, ల్యాబు ఖర్చు తీసేశాకా తీయకముందా, ఎంత శాతం? నోటిమాట వాటాలు మూడో నెలకు కరిగిపోతాయి. మహారాష్ట్ర కౌన్సిల్‌లో ఉన్న మీ రిజిస్ట్రేషన్‌ను తెలంగాణ కౌన్సిల్‌కు మార్పించుకోవాలి, ఆ ఖర్చూ ఆలస్యమూ చూసుకోండి. ఇంకొకటి మన సరిహద్దు వాళ్లకే వచ్చే తంటా. మీరు తెలుగువారే అయినా అక్కడి ప్రభుత్వ నోటిఫికేషన్లలో నాన్‌లోకల్. తెలంగాణలో పోస్టులు 95 శాతం స్థానికులకే. మీ స్థానికత ప్రాణహితకు ఈ వైపే ఉంది. మంచిర్యాలలో ఎన్నేళ్లున్నా ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే మళ్లీ ఇటు వైపే చూడాలి. ఇటు వైపు మాత్రం తెలుగు, మరాఠీ రెండూ మాట్లాడే పళ్ల డాక్టరు ఎంతమంది ఉంటారు? ఆ ముసలమ్మ "దౌడ గుంజుతాంది బిడ్డా" అంటే మధ్యలో ఎవరూ అనువాదం చేయనక్కర్లేకుండా అర్థమయ్యేది మీకే. ఈ సంగతి కూడా వినతిపత్రంలో రాయండి.

అత్తయ్యగారి "పళ్లేగా" గురించి పెద్దగా చెప్పను. ఒకసారి ఆవిడను మీ ఓపీలో ఓ పూట కూర్చోబెట్టండి. నిజానికి ఆవిడ మాట సర్కారు కూడా అంటోంది, కాకపోతే బడ్జెట్ భాషలో. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ గానీ, మీ రాష్ట్రంలోని ఫులే జన ఆరోగ్య యోజన గానీ నోటి క్యాన్సర్ ముదిరి ఆసుపత్రిలో చేరితే లక్షలు కట్టడానికి సిద్ధం. ఆ క్యాన్సర్ మొదలుకాకముందే బుగ్గలో వేలు పెట్టి చూసే మనిషికి నెలకు 30,000 దాటనివ్వరు. క్యాన్సర్ స్క్రీనింగేమో ముప్పై దాటినవాళ్లకు. మీ కుర్రాడికి పదహారు. గుట్కాను 2012లోనే మహారాష్ట్రలో నిషేధించారు, ఖర్రా మాత్రం బడి గేటు ఎదుట ప్లాస్టిక్ కాగితం మీద రుద్ది ఇస్తూనే ఉన్నారు.

ఆ అబ్బాయిని మీరు వదలకండి, ఉన్నా వెళ్లినా. నోరు ఎంత తెరుచుకుంటోందో మిల్లీమీటర్లలో కొలిచి కేసు పేపరు మీద రాసి, తేదీ వేసి, నాగపూర్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి రిఫర్ చేయండి. పద్దెనిమిది లోపే కాబట్టి బడి పిల్లల ఆరోగ్య తనిఖీ బృందం, అదే ఆర్‌బీఎస్‌కే వాళ్ల ద్వారా పంపితే ప్రయాణం ఖర్చు వాళ్ల నాన్న మీద పడకుండా చూడొచ్చు. ఆ బృందంతో మీరు బడులకు వెళ్లగలిగితే ఇంకా మంచిది. క్యాంపు డ్యూటీలకు ఎటూ పంపుతున్నారు కదా, ఈ డ్యూటీ మీరే అడిగి వేయించుకోండి.

ఇక ఉండాలా, వెళ్లాలా. మీ రెన్యువల్ ఎప్పుడో రాశారు, మంచిర్యాల వాళ్లు ఎప్పటిలోగా చెప్పమన్నారో రాయలేదు. వాళ్లను మూడు నెలలు ఆగమని అడిగి చూడండి. ఆగితే ఆ మూడు నెలల్లో రిజిస్టరు లెక్క, ఆర్‌ఓపీ కాగితం, సివిల్ సర్జన్ జవాబు, మూడూ మీ చేతిలో ఉంటాయి. అప్పుడు వెళ్లినా ఏం చూసి వెళ్తున్నారో తెలుస్తుంది, ఉన్నా ఏ షరతు మీద ఉంటున్నారో తెలుస్తుంది. వాళ్లు ఆగలేమంటే, అప్పు వాయిదాలు ఇప్పటికే మెడ మీదకొచ్చి ఉంటే వెళ్లండి. వెళ్లేటప్పుడు రాజీనామాలో "వ్యక్తిగత కారణాలు" అని మాత్రం రాయకండి. జీతం ఎంతో, ఎన్ని నెలలు ఆలస్యమైందో, కంప్రెసర్ ఎప్పట్నుంచి పనిచేయడం లేదో రాయండి. దాని నకలు ఒకటి ఆవక్ నంబరు (ఆఫీసుకు అందినట్టు వేసే నంబరు) వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. మీ తర్వాత వచ్చే పళ్ల డాక్టరుకు వినతిపత్రంతో జతచేయడానికి అది కావాలి.